గ్రంథపాలకుడుగా బ్రౌను దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌను పేరు చెప్పగానే మనకు నిఘంటువు స్ఫురిస్తుంది. కొందరికి వేమన స్ఫురిస్తాడు. ఈ రెండిటికీ ఆధారభూతమైన పని మరొకటి ఉన్నది. అది ఊరూరా పుస్తకాలను వెదకి తెప్పించడం, ప్రతులు వ్రాయించడం, ప్రత్యంతరాలతో పోల్చి చూపించడం, అనుక్రమణికలు వేయించడం, కట్టించడం, చివరకు పదిమందికీ అందే చోట అప్పగించడం. దీనినే ఈనాడు గ్రంథాలయ నిర్వహణ అంటున్నాము. బ్రౌను జీవితకథను పలువురు పెద్దలు ఇదివరకే వ్రాసి ఉన్నారు. గ్రంథపాలకుడుగా ఆయన ఏమి చేశాడన్న ఒక్క విషయాన్ని పట్టుకొని ఆ జీవితాన్ని మరల చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆలోచన నాకు కలగడానికి కారణం కురుపాంలోని మా ఇంటి అటక. అక్కడ మా పితామహుల నాటి తాళపత్రాల కట్టలు ముప్పైయేడు ఉన్నవి. కొన్ని తెలుగు లిపిలో, కొన్ని ఒడియా లిపిలో వ్రాసినవి. ఒరిస్సా సరిహద్దు సమీపంలోని మన్నెపు ప్రాంతం కావడంచేత ఒకే ఇంట రెండు లిపులూ ఉండడం ఇక్కడ వింత కాదు. యౌవనంలో నేనొక తప్పు చేశాను. ఒక పరిచితుడు సంప్రదించి తిరిగి ఇస్తానంటే ఒక వ్యాఖ్యానపు కట్టను అతని చేతికి ఇచ్చాను. అది తిరిగి రాలేదు. పరహస్తగతమైన పుస్తకాన్ని గూర్చి పెద్దలు చెప్పినది చదువుకొన్నవాడినే గాని పాటించలేదు. అంతకంటె నన్ను బాధించినది మరొకటి. ఆ కట్టలో ఎన్ని ఆకులు ఉండేవో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో చెప్పడానికి నా వద్ద ఒక్క పంక్తి కూడ వ్రాసి లేదు. పోయినది ఏమిటో కూడ చెప్పలేని స్థితి అది. తరువాత బ్రౌను పద్ధతులను గూర్చి చదువుతున్నప్పుడు ఆ కట్టే గుర్తుకు వస్తూ ఉండేది.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, ఫోర్టు విలియం కళాశాల నిర్వాహకులలో ఒకడు, ప్రాచ్యభాషలయందు ఆదరం గలవాడు. కుమారునికి చిన్ననాడే పెక్కు భాషలు నేర్పించాడు. 1812లో తండ్రి గతించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువుకు తగిన చదువు ముగించుకొని బ్రౌను 1817లో మద్రాసులో దిగాడు. సెయింట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు ఓనమాలు దిద్దాడు. 1820లో పరీక్ష గట్టెక్కి కడప కలెక్టరు వద్ద సహాయకుడుగా నియమితుడైనాడు. ఇంతవరకు ఇతర దొరల కథకూ ఈయన కథకూ భేదం లేదు.

భేదం బందరులో మొదలయింది. 1822లో అక్కడకు బదిలీ అయిన బ్రౌను 1824లో ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి వ్రాసిన హిందువుల ఆచారాల గ్రంథంలో వేమన ప్రసక్తి చూశాడు. వెంటనే వేమన పద్యాలను సేకరించబూనుకొన్నాడు. ప్రతులు వచ్చిన కొద్దీ ఆయనకు ఒక చిక్కు ఎదురయింది. ఏ రెండు ప్రతులూ ఏకీభవించవు. ఒకదానిలో ఉన్న పద్యం మరొకదానిలో లేదు. ఉన్నదాని పాదాలు తారుమారు. సంఖ్య వేరు, క్రమం వేరు. వేమనవి నోటినుండి నోటికి పాకిన పద్యాలు. వాటిని వ్రాసుకొన్నవారు ఎవరికి వినబడినట్లు వారు వ్రాసుకొన్నారు. సంస్కృత గ్రంథాల విషయంలో గురుముఖతః పాఠం నేర్చిన మనకు ఈ చిక్కు ఇంత తీవ్రంగా తోచదు. ఆ యువకునికి మాత్రం ఒక్క ప్రతిని నమ్మరాదన్న పాఠం ఇక్కడ పట్టుబడింది. 1829లో అచ్చయిన ఆయన వేమనలో 693 పద్యాలు ఉన్నవి. 1839 నాటి ముద్రణలో అవి 1164కు పెరిగినవి. ఈ పెరుగుదల వెనుక పదేండ్ల ప్రతిసేకరణ ఉన్నది.

బందరులో తిప్పాభట్ల వేంకటశివశాస్త్రిగారు, వఠ్యం అద్వైతబ్రహ్మయ్యగారు ఆయనకు ఛందస్సునూ కావ్యపఠనాన్నీ నేర్పిన గురువులు. 1827లో బ్రౌను ప్రకటించిన తెలుగు సంస్కృత ఛందోగ్రంథంలో వారి బోధ ప్రతిఫలించడం సహజం. పద్యాన్ని పాదవిభాగంతో చూడడం, గణాలు సరిచూచి తప్పు పాఠాన్ని పసిగట్టడం ఆయనకు ఆ శిక్షణ వలన అలవడినవి. యతి తప్పినా ప్రాస తప్పినా అక్కడ లేఖకుడు పొరబడినాడని అనుమానించవచ్చునన్నది మన పాఠశాలలో పిల్లలకు కూడ తెలిసిన సూత్రమే. దానిని వందల ప్రతుల మీద వరుసగా నడిపించిన వ్యవస్థ మాత్రం ఆయనది.

ఆ వ్యవస్థ పూర్తిరూపం కడపలో కనిపిస్తుంది. అక్కడ ఆయన ఒక బంగళానూ దానిని ఆనుకొన్న తోటనూ కొని, పండితులనూ లేఖకులనూ జీతాలమీద నియమించాడు. జనం దానిని బ్రౌను కాలేజీ అనేవారు. దాని వ్యవహారం చూచినవాడు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. కంపెనీవారు దానికి ఖర్చు పెట్టలేదు. దొర తన జీతంలోనుంచి పెట్టాడు. చాలనప్పుడు అప్పు చేశాడు. ఆ అప్పుల బరువు చాలకాలం ఆయనను వదలలేదు.

అక్కడ పని జరిగిన తీరు ఇది. ఒక కావ్యాన్ని పరిష్కరించదలచుకొంటే ముందు దాని ప్రతులను వేర్వేరు జిల్లాలనుండి తెప్పించేవారు. కొన్నిటిని వెలకు కొనేవారు, కొన్నిటిని ఎరువు తెచ్చుకొనేవారు. తాళపత్రంలో పద్యాలు విడివిడిగా ఉండవని మనకు తెలుసు. పదవిభాగం లేకుండ, పాదవిభాగం లేకుండ, అంచు నుండి అంచు దాకా గంటం సాగిపోతుంది. లేఖకుడు దానిని కాగితం మీదకు దించేవాడు. ఆ ప్రతిని మిగిలిన ప్రతులతో ఒకరు చదువుతూ ఉంటే మరొకరు చూచుకొంటూ పోల్చి, పాఠాంతరాలను గుర్తించేవారు. తరువాత పండితులు కూర్చొని ఏ పాఠం గ్రాహ్యమో చర్చించేవారు. నిర్ణయమైన పాఠంతో శుద్ధప్రతి వ్రాయించేవారు. కొన్నిటికి వ్యాఖ్యానం వ్రాయించేవారు. పద్యాలకు సూచికలు వేసేవారు, పదాలను ఏరి అకారాదిగా పేర్చేవారు. చివరకు అట్టలు వేసి కుట్టించేవారు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్యగారు వ్రాసిన వ్యాఖ్య ఇటువంటి కృషి ఫలమే. ములుపాక బుచ్చయ్యశాస్త్రిగారు కూడ ఈ పండితవర్గంలోనివారే.

ఈ పనిలో కష్టమైన భాగం పాఠనిర్ణయం కాదని నా అభిప్రాయం. ప్రతిరోజూ చేయవలసిన చిల్లర పనులే కష్టమైనవి. ఎవరి ఇంటినుండి ఏ కట్ట వచ్చింది, ఎన్ని ఆకులతో వచ్చింది, ఏ లేఖకుని చేతిలో ఉన్నది, ఎంతవరకు దిగింది, తిరిగి ఎప్పుడు వెళ్ళింది అన్న లెక్క తప్పితే అంతా తప్పుతుంది. ఆకులు ఒకదానికొకటి అంటుకొని ఉంటే విడదీయాలి. అక్షరాలు కనబడకపోతే ఆకుపసరు, మసి పూసి తుడవాలి. తాడు తెగితే మార్చాలి. చెదలూ రామబాణపు పురుగులూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటవి. మన లేఖకులు పుష్పికలలో నూనెనుండీ నీటినుండీ వదులైన కట్టునుండీ పుస్తకాన్ని కాపాడుమని వేడుకొన్నది ఊరకే కాదు. ఈ చాకిరిని ఏళ్ళ తరబడి చేసినవారిలో పెక్కుమంది పేర్లు మనకు దక్కలేదు. బ్రౌను పేరుతో ఈనాడు భాండాగారంలో ఉన్న సంపుటాలలోని దస్తూరి ఎక్కువ భాగం వారిది.

దోషాలు కూడ చెప్పవలసి ఉన్నది. పలు ప్రతుల పాఠాలను కలిపి ఒక మంచి పాఠంగా కూర్చినప్పుడు ఆ పాఠం నిజానికి ఏ ఒక్క ప్రతిలోనూ లేనిది అవుతుంది. పఠనానికి అది సుఖం. పరిశోధకునికి అది చిక్కు. ఎక్కడ పండితుడు దిద్దినాడో ఎక్కడ మాతృకే అట్లున్నదో తెలియని చోట మనం ఆగిపోతాము. పైగా సంస్కృత సమాసభూయిష్ఠమైన ప్రబంధశైలి కంటె ద్విపదల మీద, తేటతెలుగు మీద బ్రౌనుకు మొగ్గు ఎక్కువ. గౌరన హరిశ్చంద్రను ఆయన 1842లో అచ్చు వేయించినది ఆ అభిరుచి వలననే కావచ్చు. అయినప్పటికీ 1844లో వసుచరిత్రనూ 1851లో మనుచరిత్రనూ కూడ అచ్చు వేయించాడు. తనకు ఇష్టం లేని పుస్తకానికి కూడ చోటివ్వడం గ్రంథపాలకుని లక్షణం.

1832-33లో గుంటూరు సీమను డొక్కల కరవు పట్టి పీడించినపుడు ఆయన అక్కడ పనిచేశాడు. దానిని కరవు అని స్పష్టంగా వ్రాయడం పైవారికి రుచించలేదని చెబుతారు. ఆ పిమ్మట కొలువులో చిక్కులు వచ్చినవి. 1834లో ఇంగ్లండుకు వెళ్ళి 1838 వరకు అక్కడే ఉన్నాడు. కడపలో కూర్చిన పని చెదిరిపోతుందేమో అనుకోదగిన ఆ సమయంలోనే గ్రంథపాలన దృష్ట్యా ఆయన చేసిన గొప్ప పని ఒకటి లండనులో జరిగింది.

కంపెనీవారి ఇండియా హౌసు పుస్తకాలయంలో దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు గుట్టలుగా పడి ఉండేవి. 1811లో జావాలో మరణించిన డాక్టరు లేడెను సేకరించిన సంపద అది. అక్కడ వాటిని చదవగలవారు లేరు. చదవగలవారున్న మద్రాసులో అవి లేవు. బ్రౌను వాటిని పరిశీలించి, ఆ పుస్తకాలయానికి అధిపతియైన హోరేస్ హేమన్ విల్సను తోడ్పాటుతో రెండువేలకు పైబడిన ఆ గ్రంథాలను మద్రాసుకు పంపించే అనుమతి సంపాదించాడు. సముద్రాలు దాటి వెళ్ళిన పుస్తకాలు తిరిగి రావడం అరుదు. ఎన్నో దేశాలవారు నేటికీ తమ ప్రతులకోసం అర్జీలు పెట్టుకొంటూనే ఉన్నారు. దాదాపు రెండువందల ఏండ్లనాడు ఒక ఉద్యోగి, పుస్తకం దానిని చదివేవారి వద్ద ఉండాలన్న ఒక్క వాదంతో వాటిని వెనుకకు తెప్పించాడు.

1838లో తిరిగివచ్చిన తరువాత ఆయన నివాసం మద్రాసే అయింది. పారసీ అనువాదకుడుగా, తెలుగు అనువాదకుడుగా, పోస్టుమాస్టరు జనరలుగా పనిచేశాడు. 1840లో వ్యాకరణం వెలువడింది. ఆ దశకంలోనే తాను సేకరించిన సమస్త వ్రాతప్రతులనూ మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. ఇది ఆలోచించదగిన విషయం. సేకరించినవారు సాధారణంగా బ్రతికినంతకాలం చేతినుండి విడువరు. వారి తదనంతరం ఇంటివారు పంచుకొంటారు, అమ్ముకొంటారు, లేక అటకెక్కిస్తారు. బ్రౌను నిఘంటు రచనలో మునిగి, ఆ పుస్తకాల అవసరం తనకు పూర్తిగా ఉన్న రోజులలోనే వాటిని సంస్థకు ఇచ్చి, అక్కడే తానూ చూచుకొన్నాడు.

నిఘంటువు 1852లో వేపేరిలో అచ్చయింది. 1854లో అన్యదేశ్యాల మిశ్రనిఘంటువు వచ్చింది. తెలుగు నిఘంటువును విప్పి చూడండి. అర్థం వెంట ప్రయోగం ఉంటుంది, ప్రయోగం వెంట కావ్యనామసంక్షేపం ఉంటుంది. కడప పండితులు అకారాదిగా పేర్చిన పదసూచికలు లేనిదే ఈ ప్రయోగాలు దొరికే దారి లేదు. పుస్తకభాండాగారమే ఇక్కడ నిఘంటువుగా మారింది. కాబట్టి ఈ నిఘంటువులో అర్థం మాత్రమే చూచి ఊరుకొనే విద్యార్థి సగం ఫలమే పొందుతాడు. 1903లో వేంకటరత్నంగారు, కాంబెల్ దొర, కందుకూరి వీరేశలింగం పంతులుగారు దీనిని సంస్కరించి పునర్ముద్రణకు సిద్ధంచేశారు.

1855లో బ్రౌను ఈ దేశం విడిచాడు. ఆయన ఇచ్చిన పుస్తకాలకు అప్పటినుండి వేరొక కథ. మెకంజీ సేకరణ, లేడెను సేకరణ, బ్రౌను సేకరణ ఒక్కచోట చేరినవి. విలియం టేలరు అనే మతబోధకుడు 1857, 1862 సంవత్సరాల మధ్య వాటికి మూడు సంపుటాల సూచీగ్రంథం ప్రకటించాడు. అందులో క్రమం తక్కువ, సొంత అభిప్రాయాలు ఎక్కువ. ఒక పుస్తకం కోసం వెదకేవాడు మూడు సంపుటాలూ తిరగవేయవలసిందే. అయినా ఏ సూచీ లేనినాడు అది దీపమే. 1869లో ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారం ఏర్పడినప్పుడు ఈ మూడు సేకరణలే దానికి పునాది. తరువాత శేషగిరిశాస్త్రి, రంగాచార్య, కుప్పుస్వామిశాస్త్రి వంటి మహాపండితుల పర్యవేక్షణలో వివరణాత్మక సూచికలు వెలువడినవి. మద్రాసు విశ్వవిద్యాలయం 1935లో చేపట్టిన నూతన బృహత్సూచి ఏ సంస్కృత గ్రంథం ఎక్కడెక్కడ ఉన్నదో ఒక్కచోట చూపించడానికి పూనుకొన్న మహాకార్యం. ప్రాచ్యకళాశాలలలో మనం పొందిన పెక్కు ముద్రితగ్రంథాలు ఈ సూచికల పుణ్యమే.

లండనులో బ్రౌను ఊరక కూర్చోలేదు. 1865లో విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యపదవి స్వీకరించాడు. 1869లో సంస్కృత ఛందస్సునూ భూతసంఖ్యల సంకేతాలనూ వివరించే పుస్తకం ప్రకటించాడు. భూతసంఖ్యలు తెలియనిదే పుష్పికలలోని శకవర్షాలు తేలవు గనుక ఇది గ్రంథకాలనిర్ణయానికి పనికివచ్చే పుస్తకమే. తన సాహిత్యజీవితాన్ని గూర్చి స్వయంగా ఒక చిన్న వృత్తాంతం కూడ వ్రాసి పెట్టాడు. అవివాహితుడు. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనభైయారేండ్ల వయస్సులో లండనులో మరణించాడు. తెలుగుదేశంతో ఆయన సంబంధం తెగి అప్పటికి ముప్పై ఏండ్లు కావస్తున్నది.

ఆ తరువాత చాలకాలం ఆయన సంపుటాలు భాండాగారంలో అట్లే ఉండిపోయినవి. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో బంగోరె అనబడే బండి గోపాలరెడ్డిగారు బ్రౌను ఉత్తరాలనూ వ్రాతలనూ వెదకి వెలికి తీశారు. ఆరుద్రగారు పాఠకుల దృష్టిని అటు మరల్చారు. కడపలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల ఫలించి, బ్రౌను బంగళా ఉండిన స్థలంలోనే ఆయన పేర గ్రంథాలయం వెలసింది. దాని భవనం 1995లో ప్రారంభమయింది. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయానికి చేరింది. కూలిన గోడల చోట మరల పుస్తకాలు చేరడం చూచినవారు ధన్యులు.

ఈనాడు మన విద్యార్థులు బ్రౌను నిఘంటువును కంప్యూటరులో చూస్తున్నారు. చికాగో విశ్వవిద్యాలయంవారు దక్షిణాసియా నిఘంటువులను ఇంటర్నెట్టులో ఉంచినప్పుడు దీనినీ చేర్చారు. ఆంధ్రభారతి వారి నిఘంటుశోధనలో ఒక్క మాట కొడితే బ్రౌను అర్థమూ ఇతర నిఘంటువుల అర్థాలూ ఒక్కసారిగా వస్తవి. నాకు ఈ సాధనాల మీద మొదట విశ్వాసం లేదు. మా మనుమడు చూపించిన తరువాత మనసు మారింది. అయితే ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. తెరమీద కనబడని మాట నిఘంటువులో లేదని నిశ్చయించరాదు. వర్ణక్రమం మారితే దొరకదు. అరసున్న ఉన్నా, శకటరేఫ ఉన్నా దొరకకపోవచ్చు. అచ్చుపుస్తకం పక్కన ఉండవలసిందే. తాళపత్రాల విషయంలో 2003లో మొదలైన జాతీయ పాండులిపి ఉద్యమం దేశమంతటి ప్రతుల వివరాలను ఒక పట్టికలోకి ఎక్కించే పని చేపట్టింది. ఛాయాచిత్రాలు తీయించడం కూడ సాగింది. ఛాయాచిత్రం తీయడానికి ముందు ఆకుల వరుస సరిచూడాలి, సంఖ్య వేయాలి, ఆద్యంతాలు వ్రాయాలి. బ్రౌను లేఖకులు చేసిన ఆ పని ఈనాడూ చేతితో చేయవలసిందే. యంత్రం తారుమారైన ఆకులను తారుమారుగానే చూపిస్తుంది.

కట్ట సంఖ్య, గ్రంథం పేరు, కర్త, భాష, లిపి, ఆకుల సంఖ్య, పుటకు పంక్తులు, ఆరంభవాక్యం, అంత్యవాక్యం, పుష్పిక, స్థితి, ఎవరివలన వచ్చినది అన్న పన్నెండు గళ్ళతో నేనొక పుస్తకం గీసుకొన్నాను. కురుపాంలో వానకాలంలో ఆకులు విప్పరాదు, తేమ పట్టి అంటుకొంటవి. అందుచేత పని కార్తికం నుండి ఫాల్గునం వరకే సాగుతుంది. రెండు శీతకాలాలలో ఇరవైరెండు కట్టలు ముగిసినవి. ఒడియా లిపివి చదవడానికి పార్వతీపురంనుండి ఒక మిత్రుడు ఆదివారాలలో వస్తున్నాడు. పోయిన వ్యాఖ్యానానికి కూడ ఒక సంఖ్య ఇచ్చి, మొదటి గడిలో ముప్పైయెనిమిది అని వేశాను. భాష సంస్కృతం, లిపి తెలుగు అని వ్రాశాను. ఎవరివలన వచ్చినది అన్న గడిలో మా పితామహుల పేరు వ్రాశాను. మిగిలిన గళ్ళు ఖాళీగా ఉన్నవి.